డిగ్రీ లెక్కల పుస్తకం ఎవరి సొత్తు?

2024 జులైలో పది రోజులు తిరక్కుండా రెండు కంపెనీలు దివాలా కోర్టు మెట్లెక్కాయి. జులై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలుపెట్టమని ఆదేశించింది. అదే నెల 25న అమెరికాలో టూయూ అనే కంపెనీ దివాలా చట్టం కింద రక్షణ కోరింది. టూయూ పేరు మన విద్యార్థులకు పెద్దగా తెలియదు. దాని చేతిలో ఉన్న ఎడెక్స్ పేరు మాత్రం బాగా తెలుసు. 2012లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి లాభాపేక్ష లేని సంస్థగా పెట్టిన ఎడెక్స్‌ను 2021లో టూయూ 80 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఈ రెండు కంపెనీలూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో చేయి కలిపినవే. 2022 జూన్‌లో బైజూస్‌తో ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబర్‌లో బాపట్ల జిల్లా యడ్లపల్లిలో సభ పెట్టి, ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్‌తో కలిసి 2000కు పైగా కోర్సులను ఉన్నత విద్యలోకి తెచ్చారు. దివాలా పిటిషన్ పడ్డంత మాత్రాన ఎడెక్స్ మూతపడలేదు, టూయూ అప్పులు సర్దుకుని బయటపడింది. ట్యాబ్‌ల విషయంలోనూ ఒక మంచి మాట చెప్పాలి. నెట్ లేని ఇంట్లో కూడా పనిచేసేలా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. పేద పిల్లల ఇళ్లు ఎలా ఉంటాయో ఆలోచించి చేసిన పని అది.

మేము అడుగుతున్నది వేరే ప్రశ్న. ఇంత జరిగాక రాష్ట్రం చేతిలో మిగిలిన పాఠం ఎంత? ఒక ఉపాధ్యాయురాలు తెరిచి, తన పిల్లలకు తగ్గట్టు ఒక ఉదాహరణ మార్చి, మళ్లీ అందరికీ ఇవ్వగలిగిన అధ్యాయం ఒక్కటైనా ఉందా? కంపెనీ పాఠం కంపెనీదే. చదువుకోవడానికి ఇస్తారు, తిరగరాయడానికి ఇవ్వరు. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాల్సిందే.

ఈ ప్రశ్నకు ఒక గడువు కూడా ఉంది. 2022-23లో ట్యాబ్ అందుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు 2027లో డిగ్రీలో చేరతారు. తెర మీద లెక్క చేయడం అలవాటైన మొదటి ప్రభుత్వ బడి తరం అది. బడిలో వాళ్ల పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. 2020-21 నుంచి రాష్ట్రం దశలవారీగా తెచ్చిన ఆ ద్విభాషా పుస్తకాల వల్ల ఎంతోమంది పిల్లలు ఇంగ్లీషు మీడియంలో నిలబడ్డారు. డిగ్రీలోకి అడుగుపెట్టగానే ఆ ఎదురు పేజీ మాయమవుతుంది. చేతిలో మిగిలేది ఇంగ్లీషులో అచ్చైన లావుపాటి పుస్తకం, అది దొరక్కపోతే జిరాక్స్ షాపులో గైడు.

గణితంలోనూ విద్యారంగంలోనూ పరిశోధన చేస్తున్న మేము కొందరం కొంతకాలంగా పామర్రులో ఆదివారాలు డిగ్రీ విద్యార్థులతో కూర్చుంటున్నాం. పామర్రు 2009 ఎన్నికల నుంచీ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి పల్లెల పిల్లలు గుడివాడకో, ఉయ్యూరుకో, బందరుకో, విజయవాడకో బస్సెక్కి డిగ్రీ చదువుతారు. మాతో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, వాళ్లలోనూ సగానికి పైగా అమ్మాయిలు. వాళ్లతో కలిసి అవకల సమీకరణాల కోర్సుకు, అంటే అందరూ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అని పిలిచే ఆ సెమిస్టర్‌కు, ఫోనులో తెరుచుకునే పుస్తకం ఒకటి తయారు చేస్తున్నాం. చదివి ఊరుకునే పుస్తకం కాదు, అడిగితే జవాబు చెప్పే పుస్తకం. ఇంటరాక్టివ్ అనే మాటకు మేము ఇచ్చుకున్న అర్థం అంతే.

ఆ మాట చుట్టూ మార్కెట్లో చాలా మెరుపు ఉంది కాబట్టి ఒక లెక్క పెట్టి చూపిస్తాం. ఏ అవకల సమీకరణాల పుస్తకం తెరిచినా ఉప్పునీటి ట్యాంకు లెక్క ఒకటి ఉంటుంది. ట్యాంకులో ఉప్పునీళ్లు ఉంటాయి, ఒక గొట్టంలోంచి మంచినీళ్లు వస్తుంటాయి, ఇంకో గొట్టంలోంచి అంతే నీరు పోతుంటుంది. కృష్ణా డెల్టా పిల్లలకు ఈ లెక్క చెప్పడానికి ట్యాంకు ఎందుకు? ఇరవై సెంట్ల చెరువు, నాలుగడుగుల లోతు అనుకోండి. సుమారు వెయ్యి ఘనపు మీటర్ల నీరు. ఉప్పు ఎక్కువైందని రైతు కాలువ నీరు గంటకు 50 ఘనపు మీటర్ల చొప్పున పెట్టించాడు. అంతే నీరు తూము గుండా పోతోంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి కాబట్టి నీరంతా ఎప్పటికప్పుడు కలిసిపోతోంది. కాలువ నీటిలో ఉప్పు లేదనుకుందాం. చెరువులో ఉప్పు సగానికి తగ్గడానికి ఎంతసేపు పడుతుంది?

చాలామంది చెప్పే జవాబు పది గంటలు. వెయ్యిలో సగం ఐదొందలు, గంటకు 50, కాబట్టి పది. తర్కం శుభ్రంగా ఉంది, జవాబు తప్పు. అచ్చు పుస్తకం చివరి పేజీల్లో 13.9 అని మాత్రం ఉంటుంది. పిల్లవాడు తన పదినీ పుస్తకం పదమూడునూ చూసుకుని, నాకు లెక్కలు రావు అనుకుని పుస్తకం మూసేస్తాడు. అంతకుమించి అతనితో మాట్లాడే నాథుడు లేడు.

మేము రాస్తున్న పుస్తకంలో పది అని కొడితే ఒక ప్రశ్న తిరిగి వస్తుంది. ‘పదో గంటలో తూములోంచి పోయే నీళ్లలో కూడా మొదటి గంటలో ఉన్నంత ఉప్పే ఉంటుందా?’ దాని కింద ఒక గీత, గీత మీద జరిపే మీట ఉంటాయి. వేలితో జరుపుతుంటే గంట గంటకూ చెరువులో మిగిలిన ఉప్పు కనిపిస్తుంది. పదో గంటకు ఇంకా 60 శాతానికి పైనే ఉంది. ఇరవై గంటలకు, అంటే చెరువు మొత్తానికి సరిపడా నీరు వచ్చి పోయాక కూడా దాదాపు 37 శాతం ఉంది. ఎందుకంటే పోయే నీళ్లలో వచ్చిన మంచినీళ్లు కూడా కలిసి పోతున్నాయి. ప్రతి క్షణం పోయే ఉప్పు, ఆ క్షణాన చెరువులో ఉన్న ఉప్పులో ఒక వంతు. ఇక్కడైతే గంటకు ఇరవయ్యో వంతు చొప్పున. తగ్గే వేగం ఉన్నదాన్ని బట్టి ఉంటుంది అన్న ఆ ఒక్క వాక్యాన్నే గుర్తుల్లో రాస్తే అవకల సమీకరణం అవుతుంది. ఇక్కడిదాకా వచ్చిన విద్యార్థికి సమీకరణాన్ని సాధించే పద్ధతి చెప్పడం కష్టం కాదు. ఈ వాక్యం లేకుండా పద్ధతి ఒక్కటే చెబితే అది పరీక్ష దాకా బతికి, పరీక్ష హాల్లోనే చచ్చిపోతుంది.

ఈ చెరువుల గట్ల మీద కూలి చేసేది ఎవరు, ఊట నీరు దిగి తాగునీటి బావులు ఉప్పగా మారితే ముందు ఎండేది ఎవరి గొంతులు అన్నది ఇక్కడి పిల్లలకు మేము చెప్పక్కర్లేదు. ఒక విద్యార్థిని ఈ లెక్క చేశాక వెంటనే అడిగింది, ‘మరి బావిలో ఉప్పు తగ్గాలంటే ఎన్నాళ్లు పట్టిద్ది అక్కా?’ బావికి తూము ఉండదు, ఏరేటర్ ఉండదు. లెక్క చాలా కష్టమవుతుంది. ఆ ప్రశ్నను పుస్తకంలో జవాబు లేకుండానే ఉంచాం.

తప్పు జవాబు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. క్లాసులో తప్పు చెప్పడం అందరికీ ఒకేలా ఉండదు. ముందు బెంచీ కుర్రాడు తప్పు చెబితే తొందరపడ్డాడంటారు. రిజర్వేషన్‌లో సీటు వచ్చిందని అందరికీ తెలిసిన అమ్మాయి అదే తప్పు చెబితే వెనక నుంచి నవ్వు వినిపిస్తుంది, ఆ నవ్వుకు అర్థం ఆమెకు తెలుసు. మాతో కూర్చునే ఒక అబ్బాయి, మొదటి సెమిస్టర్‌లో అలాంటి నవ్వు ఒకటి విన్నాక మళ్లీ క్లాసులో నోరు తెరవలేదని చెప్పాడు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. అతను చురుకైనవాడు. కానీ నేర్చుకోవాలంటే తప్పు చేయాలి, తప్పు చేయాలంటే నవ్వులు లేని చోటు కావాలి. ఇంట్లో చదువుకున్నవాళ్లుంటే ఆ చోటు ఇంట్లోనే దొరుకుతుంది. మొదటి తరం విద్యార్థికి అది పుస్తకంలో దొరకాలి. ఇరవైసార్లు తప్పు కొట్టినా విసుక్కోని పుస్తకంలో.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఇలాంటి పుస్తకాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఎవరు ఎన్నిసార్లు తప్పు చేశారు, ఒక్కో లెక్క మీద ఎంతసేపు ఆగారు అన్నది రికార్డు చేసి లెక్చరర్‌కు చూపిస్తాయి. సదుద్దేశంతోనే చేస్తారు. 2007లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్షపై సుఖదేవ్ థోరాట్ కమిటీ ఇచ్చిన నివేదికను చదివినవాళ్లకు ఆ రికార్డు ఎలా వాడుకోవచ్చో ఊహించడం కష్టం కాదు. మూల్యాంకనంలోనూ, ఇంటర్నల్ మార్కుల్లోనూ వివక్ష ఎదురవుతోందని దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. మా పుస్తకంలో తప్పుల చిట్టా విద్యార్థి ఫోనులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. అడిగితే ఆ విద్యార్థే చూపించాలి. దీనివల్ల ఏ లెక్క దగ్గర ఎంతమంది తడబడుతున్నారో మాకు తెలియదు, పుస్తకాన్ని మెరుగుపరచడం నెమ్మదిస్తుంది. ఆ నష్టానికి సిద్ధపడ్డాం.

ఇక భాష. ఇది మా మధ్య ఎక్కువ వాదన నడిచిన చోటు.

తెలుగులో డిగ్రీ లెక్కలు చెప్పుకోవడానికి ప్రయత్నం జరగలేదని ఎవరూ అనలేరు. 1968లో పి.వి. నరసింహారావు వ్యవస్థాపక అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ ఏర్పడింది. లక్షలమంది ఆ పుస్తకాలు చదివే డిగ్రీలు గట్టెక్కారు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దూరవిద్య పుస్తకాల తీరు గమనించారా? పాఠం మధ్యలో ఆపి, ఇప్పటిదాకా చదివింది సరిచూసుకోండి అని ప్రశ్నలు అడుగుతాయి, జవాబులు చివర్లో ఇస్తాయి. టీచర్ దగ్గర లేని మనిషి కోసం, పగలు పనిచేసి రాత్రి చదివే మనిషి కోసం రాసిన పుస్తకం అలాగే ఉండాలి. ఇంటరాక్టివ్ పుస్తకానికి కాగితం మీది పెద్దక్క అది. సిలికాన్ వ్యాలీ కంటే ముందే ఆ ఆలోచన మన దగ్గర ఉంది.

కానీ అకాడమీ తెలుగు ఎవరి తెలుగు? ఫంక్షన్ అంటే ప్రమేయం. లిమిట్ అంటే అవధి. డెరివేటివ్ అంటే అవకలజం. కంటిన్యుటీ అంటే అవిచ్ఛిన్నత. కన్వర్జెన్స్ అంటే అభిసరణ. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పుట్టిన పిల్లకు కంటిన్యుటీ ఎంత దూరమో అవిచ్ఛిన్నత కూడా అంతే దూరం. పైగా కంటిన్యుటీ నేర్చుకుంటే ఐఐటీ జామ్‌లోనో నెట్‌లోనో పనికొస్తుంది, అవిచ్ఛిన్నత ఏ ఇంటర్వ్యూలోనూ పనికిరాదు. తెలుగు మీడియం పేరుతో మనకు ఇచ్చింది తెలుగు లిపిలో సంస్కృతం. 2021లో అకాడమీ పేరును తెలుగు-సంస్కృత అకాడమీగా మార్చినప్పుడు భాషాభిమానులు చాలా బాధపడ్డారు. లెక్కల పుస్తకాలు చదివినవాళ్లకు అదేమీ కొత్త కాదు, ఉన్న సంగతే బోర్డు మీద రాశారు.

అదే 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువును ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. దళిత ఉద్యమం దీన్ని మాతృభాషా పండితుల్లా వ్యతిరేకించలేదు, వ్యతిరేకించనక్కర్లేదు కూడా. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మన పిల్లలకు మాతృభాష గొప్పతనం బోధించేవాళ్లను మనం చాలాకాలంగా చూస్తున్నాం. ఇంగ్లీషు మన హక్కు. అయితే హక్కు ఇవ్వడం వేరు, నిచ్చెన లాగేసి మేడ మీదికి రమ్మనడం వేరు. ‘సెంటెన్స్ అర్థమవుద్ది అక్కా, లెక్క అక్కడ ఎందుకలా తిరిగిందో అర్థం కాదు’ అని మాకు చెప్పిన అమ్మాయికి కావాల్సింది ఇంగ్లీషుకు బదులు తెలుగు కాదు. ఇంగ్లీషు వాక్యం పక్కన నిలబడి, ఇక్కడ ఎందుకిలా తిరిగిందంటే అని తన మాటల్లో చెప్పే మనిషి.

అందుకని మా పుస్తకంలో నిర్వచనాలూ సిద్ధాంతాలూ పరీక్షలో రాయాల్సిన ఇంగ్లీషులోనే ఉంటాయి. ప్రతి వాక్యం మీద వేలు పెడితే తెలుగు వివరణ తెరుచుకుంటుంది. ఆ తెలుగులో డెరివేటివ్ డెరివేటివ్‌గానే ఉంటుంది. మిగతాదంతా పామర్రు బస్టాండులో అర్థమయ్యే తెలుగు. కంటిన్యువస్ అంటే పెన్ను ఎత్తకుండా గీయగలిగిన గీత అని మొదలుపెడతాం, కానీ అక్కడ ఆపం. అది పూర్తి నిర్వచనం కాదు. ఎప్సిలాన్, డెల్టాలతో వచ్చే అసలు నిర్వచనం దాకా తీసుకెళ్లాల్సిందే. మన పిల్లలకు అర్థం కాదులే అని లెక్కను పలచన చేసి ఇవ్వడం ఇంకో రకం అంటరానితనం. అది సాధారణంగా జాలి వేషంలో వస్తుంది.

ఇప్పుడు ఢిల్లీ వైపు చూద్దాం. 2025 ఆగస్టులో యూజీసీ డిగ్రీ గణితానికి ఒక ముసాయిదా పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది. అందులో భారతీయ బీజగణితం, కాలగణన, పంచాంగం, ముహూర్తాల లెక్క వంటివి పాఠ్యాంశాలుగా కనిపించాయి. దాన్ని వెనక్కి తీసుకోవాలంటూ 900 మందికి పైగా గణిత శాస్త్రజ్ఞులు, పరిశోధకులు సంతకాలు చేశారు. ముఖ్యమైన పాఠాలు నీరుగారిపోయాయన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరం. ఆ అభ్యంతరం సరైనదే. మాకు ఇంకొకటి కూడా ఉంది.

శుల్బ సూత్రాల్లో దీర్ఘచతురస్రపు కర్ణం గురించిన మాట ఉంది. పైథాగరస్ పేరుతో మనం చదివే సంగతే అది. నిజమైన గణితం, గౌరవంగానే చెప్పుకోవాలి. అయితే అది యజ్ఞవేదిక కొలతల కోసం పుట్టిన శాస్త్రం. ఆ వేదిక దరిదాపులకు ఎవరు రాకూడదో కూడా ఆ చరిత్రలో భాగమే. ముసాయిదాలో మొదటి సగం ఉంది, రెండో సగం లేదు. ముహూర్తం లెక్కను డిగ్రీ సిలబస్‌లో పెట్టడమంటే, ఏ పెళ్లిళ్లకు పురోహితుడు రానన్నాడో ఆ ఇళ్ల పిల్లల చేత ఆ పురోహితుడి లెక్క మార్కుల కోసం చేయించడమే.

దీనికి జవాబుగా మన గణితాన్ని ఎదురు నిలబెడదామనే ఉత్సాహం మా మిత్రుల్లో కొందరికి ఉంది. ముతక బట్ట నేసిన మాల నేతగాళ్ల అంచుల్లో సౌష్ఠవం ఉంది, చదునైన తోలును నీళ్లు తోడే కపిల బానగా కుట్టిన మాదిగల చేతిలో ఘనపరిమాణం తెలివి ఉంది. నిజమే, చరిత్రలో రాయాలి, మా పుస్తకంలో రెండుచోట్ల రాశాం. కానీ వేదగణితం స్థానంలో దళిత గణితం పెట్టి సంతృప్తి పడటం మాకు ఇష్టం లేదు. లాగ్రాంజ్ సిద్ధాంతం ఎవరి అబ్బ సొత్తూ కాదు. అది మన పిల్లలకు రావాలి, అంతే.

అమెరికాలో నల్లజాతి ఉద్యమం దీని మీద మనకంటే ముందే ఆలోచించింది. 1960ల మొదట్లో మిసిసిపీలో నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిన్న బాబ్ మోజెస్, 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 2021లో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నాడు. అప్పుడు ఓటు ఎలాగో ఇప్పుడు ఆల్జీబ్రా అలాగ, అది లేనివాడు ఆర్థికంగా పౌరుడు కాలేడు అన్నది ఆయన వాదన. ఆయన పాఠం మొదలుపెట్టిన తీరు మాకు చాలా పనికొచ్చింది. పిల్లల్ని బోస్టన్ మెట్రో రైలెక్కించి తిప్పుకొచ్చేవాడు. ముందు ఆ ప్రయాణాన్ని తమ మాటల్లో చెప్పమనేవాడు, తర్వాత బొమ్మ గీయమనేవాడు, ఆ తర్వాతే సంఖ్యారేఖ, రుణ సంఖ్యలు, గుర్తులు.

మాకు మెట్రో లేదు, పామర్రు నాలుగు రోడ్ల సెంటర్ ఉంది. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద పామర్రును సున్నా అనుకోండి. నిడుమోలు అటు ధనం, ఉయ్యూరు, కంకిపాడు ఇటు రుణం. గుడివాడ నుంచి వచ్చి కూచిపూడి వైపు పోయే రోడ్డును రెండో అక్షం అనుకోండి. రెండు రోడ్లూ సరిగ్గా లంబంగా కలవవు. ఫర్వాలేదా? ఫర్వాలేదు. రెండు దిక్కులూ ఒకే గీత మీద లేకపోతే చాలు, చుట్టుపక్కల ఏ ఊరినైనా ఇటు ఇంత, అటు ఇంత అని రెండే సంఖ్యలతో చెప్పేయొచ్చు. లీనియర్ ఆల్జీబ్రాలో బేసిస్ అంటే ఇదే. అక్షాలు లంబంగానే ఉండాలని ఇంటర్ దాకా నమ్మిన పిల్లలు ఆ నమ్మకం వదులుకునే క్షణం చూడటానికి బాగుంటుంది. తర్వాతి సెమిస్టర్ల పుస్తకం కోసం ఈ పాఠం పక్కన పెట్టాం. పామర్రు ఎక్కడైనా కేంద్రం కావడం మా పిల్లలకు కాస్త సరదాగా కూడా ఉంది.

పుస్తకం కట్టడానికి పనిముట్లు ఎవరినీ కొనిపెట్టమని అడగనక్కర్లేదు. అమెరికాలో రాబర్ట్ బీజర్ అనే గణిత అధ్యాపకుడు మొదలుపెట్టిన ప్రీటెక్స్ట్ అనే వ్యవస్థ ఉచితం. ఒకసారి రాస్తే అదే మూలం నుంచి ఫోనులో తెరుచుకునే పుస్తకం, అచ్చు వేసుకునే ప్రతి, చూపులేని విద్యార్థులకు బ్రెయిలీ ప్రతి మూడూ తయారవుతాయి. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1990లలో పుట్టిన వెబ్‌వర్క్, ఒకే లెక్కను ఒక్కొక్కరికి ఒక్కో అంకెలతో ఇస్తుంది. కాపీ కొట్టడానికి జవాబు ఉండదు, పద్ధతి చర్చించుకోవచ్చు. థామస్ జడ్సన్ రాసిన ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పుస్తకం మొత్తం ఉచితంగా ఉంది, మార్చుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. స్పానిష్‌లోకి వెళ్లింది. తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా పుస్తకం కూడా అదే షరతు మీద వస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చినదానికి మాత్రం తాళం వేయకూడదు. చవుదారు చెరువు నీళ్ల కోసం 1927లో మహాడ్ వెళ్లినవాళ్ల వారసులకు ఈ షరతు గురించి వేరే వివరణ ఎందుకు?

కష్టం పనిముట్ల దగ్గర కాదు, ఇళ్ల దగ్గర ఉంది. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ముందు అన్న చేతికి వెళుతుంది, చెల్లెలికి రాత్రి తొమ్మిది తర్వాత దొరుకుతుంది. అందుకే ప్రతి అధ్యాయం ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడిచేలా, పాత ఫోనులో కూడా తెరుచుకునేలా చేస్తున్నాం. అచ్చు ప్రతిని జిరాక్స్ షాపులో తీసుకునేలా నలుపు తెలుపులోనే ఉంచుతున్నాం. అందులో మీట జరపడం ఉండదు కాబట్టి, మీట జరిపితే వచ్చే అంకెలు పట్టికగా ఉంటాయి. డిజిటల్ విద్య గురించి సదస్సుల్లో మాట్లాడేవాళ్లు ఒకసారి జిరాక్స్ షాపు ముందు సాయంత్రం నిలబడితే మంచిది. మన జిల్లాలో అసలైన గ్రంథాలయం అదే.

ఇంతా చేస్తే ఈ పుస్తకం ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా ఆలోచించాలి. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల నుంచి తీసుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది. ఆన్‌లైన్‌లో పాఠం ఉంది కదా, ఖాళీ పోస్టు ఎందుకు నింపాలి అనే మాటకు ఇక ఒక్క అడుగే దూరం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లు ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు. వాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ కష్టపడుతున్నారు. మా పుస్తకం చూపించి ఒక్క పోస్టు తగ్గించినా అది మేము రాసిన పుస్తకం కాదు. పది అని జవాబు వచ్చినప్పుడు ఏం అడగాలో పుస్తకం ముందే ఊహించి పెట్టుకుంటుంది. ఎవరూ ఊహించని జవాబు వచ్చినప్పుడు, బావి గురించి అడిగిన అమ్మాయికి వచ్చినట్టు, అక్కడ మనిషి కావాలి.

డబ్బు సంగతి కూడా సూటిగా మాట్లాడుకుందాం. దీనికి ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులు వాడొచ్చు కదా అని ఒక శ్రేయోభిలాషి సలహా ఇచ్చారు. 2013 చట్టం వచ్చాక కూడా సబ్‌ప్లాన్ డబ్బు అందరికీ పనికొచ్చే పథకాల ఖాతాలో ఎలా కరిగిపోతోందో ఈ పాఠకులకు తెలుసు. డిగ్రీ గణిత పుస్తకం రాష్ట్రంలోని పిల్లలందరిదీ. దాని ఖర్చు ఉన్నత విద్యా బడ్జెట్ నుంచి రావాలి. సబ్‌ప్లాన్ నుంచి రావాల్సింది వేరే ఉంది. ఎస్సీ విద్యార్థినుల చేతికి సొంత ఫోను, హాస్టళ్లలో రాత్రి కూడా వచ్చే నెట్, అధ్యాయాలను చదివి ఇది అర్థం కాలేదు అని చెప్పే విద్యార్థులకు పనికి తగిన వేతనం. చివరిది వింతగా అనిపించవచ్చు. ఒక వాక్యం ఎక్కడ అర్థం కాదో చెప్పగలిగేది దాన్ని మొదటిసారి చదివేవాళ్లే. పుస్తకాల కంపెనీలు ఆ పనికి నిపుణులకు డబ్బిస్తాయి. మన పిల్లలు చేస్తే అది సేవ ఎందుకవ్వాలి?

యూజీసీ, భారతీయ భాషా సమితి కలిసి 2024 జులైలో అస్మిత అనే పథకం ప్రకటించాయి. ఐదేళ్లలో భారతీయ భాషల్లో 22,000 ఉన్నత విద్యా పుస్తకాలు దాని లక్ష్యం. తెలుగు వాటా పుస్తకాలు ఎవరు రాస్తారు, ఏ తెలుగులో రాస్తారు, వాటిని ఎవరైనా మార్చుకునే హక్కు ఉంటుందా అని విద్యార్థి సంఘాలు ఇప్పుడే అడగాలి. అచ్చయ్యాక అడిగితే తప్పొప్పుల పట్టిక మాత్రమే మిగులుతుంది. కృష్ణా విశ్వవిద్యాలయం పాలకులనైనా, ఉన్నత విద్యా మండలినైనా కలిసినప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల డిమాండ్ పక్కన ఈ ప్రశ్నలు కూడా ఒక కాగితం మీద పెట్టండి.

మా పుస్తకంలో ఇప్పటికి నాలుగు అధ్యాయాలు విద్యార్థుల చేతుల్లో తిరుగుతున్నాయి. చరరాశులను వేరుచేయడం నుంచి రెండో కోటి సమీకరణాల మొదటి పాఠం దాకా. లాప్లాస్ పరివర్తన దగ్గర ఆగాం. దాన్ని పరివర్తన అనాలా, ట్రాన్స్‌ఫామ్ అనాలా అన్నది సమస్య కాదు. అసలు అది ఎందుకు చేస్తామో బస్టాండు తెలుగులో మూడు వాక్యాల్లో ఇంకా మాకు రాలేదు. ఎవరికైనా వస్తే, డిగ్రీ రెండో ఏడు చదివే తమ్ముడికో చెల్లికో ముందు చెప్పి చూసి, వాళ్లు తల ఊపితే మాకు పంపండి.